సుందరరాజు పద్ధతి

ఆ బుధవారం పొద్దున గూడ్సు డ్రైవరు సుందరరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. గిద్దలూరులో బండి కదిలించాలి, దిగువమెట్టలో ఆపాలి, మధ్యలో ఎవరు పిలిచినా పలకకూడదు. ఇరవై రెండేళ్ల సర్వీసున్న మనిషికి ఇది చేతకాని పనేమీ కాదు. కాకపోతే ఆ మధ్యలో ఎర్రకోనపల్లె ఉంది, ఎర్రకోనపల్లెలో అత్తగారు ఉంది.

గిద్దలూరు నుంచి నల్లమల వైపు పోయే రైలు దారి ఎర్రకోనపల్లె దగ్గరికి వచ్చేసరికి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. పల్లెలో నలభై ఇళ్లు, రెండు బావులు. ఒక బావిలో నీళ్లు ఉప్పు, రెండో బావిలో నీళ్లే లేవు. ఎండాకాలం వస్తే ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి వాగులో చెలమ తవ్వుకుని, గరిటెతో తోడుకుని తెచ్చుకోవాలి. మూడేళ్ల కిందట, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, సుందరరాజు అత్తగారు ఎలీషబా ఖాళీ బిందెతో పట్టాల పక్కన నిలబడి ఉండడం అతని కంటపడింది. అత్తగారు ఎండలో నిలబడి ఉంటే అల్లుడు బండి ఎట్లా పోనిస్తాడు? ఆపాడు. ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరులో రెండు వేల గాలన్ల నీళ్లున్నాయి, ఒక బిందె పోతే రైలు కంపెనీ మునిగిపోదనుకుని కుళాయి తిప్పాడు.

మరునాడు ఏడు బిందెలు వచ్చాయి. ఆ మరునాడు పల్లె అంతా వచ్చింది. కాదందామంటే వాళ్లలో ఒకరు పిన్నత్త, ఒకరు వదిన, మిగిలినవాళ్లు ఏదో ఒక వరస. అప్పటి నుంచి ఎండాకాలమంతా సుందరరాజు గూడ్సు ఎర్రకోనపల్లె దగ్గర పదిహేను నిమిషాలు ఆగడం ఆచారమైపోయింది.

చిక్కల్లా పుస్తకంతో వచ్చింది. బండి స్టేషను కాని చోట ఆగితే ఎందుకు ఆగిందో డ్రైవరు తన పుస్తకంలో రాయాలి. "అత్తగారికి నీళ్లు" అని రాయలేడు కదా. అందుకని ప్రతిసారీ ఒకటే మాట రాసేవాడు: "స్టీము చాలక ఆగినాను, పదిహేను నిమిషాలు." మూడేళ్లలో ఆ మాట నూట పన్నెండు సార్లు రాశాడు. మదరాసులో ఆ పుస్తకాలు చదివే మనిషి ఒకడు ఉంటాడని, చదివింది లెక్కపెడతాడని సుందరరాజు కలలో కూడా అనుకోలేదు.

మదరాసువాళ్లు మొదట ఇంజను పాడైందనుకుని ఇంజను మార్చారు. స్టీము చాలలేదు. బొగ్గు మంచిది కాదనుకుని బొగ్గు మార్చారు. స్టీము చాలలేదు. ఇక మార్చవలసింది డ్రైవరు ఒక్కడే మిగిలాడు. మార్చే ముందు ఒకసారి పరీక్ష చేయిస్తామని, మళ్లీ స్టీము చాలక బండి ఆగితే సుందరరాజును ఇంజను మీది నుంచి దించి షెడ్డులో ఇంజన్ల బూడిద ఎత్తే పనికి బూడిద గుంట దగ్గర వేస్తామని కాగితం వచ్చింది.

ఆ కాగితం చూసిన రోజు సుందరరాజుకు ముద్ద దిగలేదు. పదహారో ఏట ఇంజన్లు తుడిచే పనిలో చేరి, పార పట్టి, ఒళ్లు కాల్చుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కి డ్రైవరయ్యాడు. ఆవిరి వదిలే రెగ్యులేటరు పిడి మీద చెయ్యి వేస్తే ఇంజను కడుపులో ఏముందో చెప్పగలడు. జీతం మాట అటుంచి, ఇంజను లేకపోతే తాను ఎవరో అతనికే తెలియదు.

పరీక్ష చేయడానికి వచ్చినాయన లక్ష్మీనరసయ్య గారు. ముప్పై రెండేళ్ల ఇంజనీరు, కోస్తా మనిషి, దొరల సీమకు, అంటే ఇంగ్లండుకు పోయి ఐదేళ్లు చదివి వచ్చాడు. తక్కువ బొగ్గుతో ఎక్కువ సరుకు లాగడం ఎట్లా అన్నదే ఆయన పరిశోధన, ఆయన ధ్యాస, పెళ్లి కూడా మానుకుని ఆయన పెట్టుకున్న సంసారం. తనతోపాటు ఒక పెట్టెబండి తెచ్చుకున్నాడు. దాన్ని ఇంజనుకూ సరుకు పెట్టెలకూ మధ్య తగిలిస్తే ఇంజను ఎంత బలంగా లాగుతోందో లోపల కలాలు వాటంతట అవే కాగితం మీద గీస్తాయి. గాలికి కాగితం రెపరెపలాడుతుందని కిటికీలన్నీ బిగించి, ఆ ఎండలో కోటు విప్పకుండా ఆయన లోపల కూర్చుంటాడు. షెడ్డువాళ్లు ఆ బండికి కుమ్మరి ఆవం అని పేరు పెట్టారు.

ఇదీ సంగతి. అందుకే ఆ పొద్దున సుందరరాజు సద్ది తాగుతూ, తన ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్, పైగా బావమరిది అయిన ఏబేలును నిలదీశాడు.

"ఈ పొద్దు బండి ఆపనని మీ అమ్మకు చెప్పినావా?"

"నిన్న మాపుటేళ పొయ్యి చెప్పొచ్చినా బావా."

"ఏమనింది?"

"సరే అనింది."

"సరే అని ఊరుకునిందా?"

"ఊరుకునింది."

వంటింట్లోంచి అతని భార్య కరుణమ్మ తొంగి చూసింది. "మా అమ్మ ఊరుకునిందంటే నాకు బయమైతాంది," అంది. సుందరరాజు పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఎలీషబా నిజంగానే సరే అంది. కొడుకు వెనక్కి తిరగగానే పల్లె ఆడవాళ్లతో ఎప్పటిలాగే బిందెలు తీసుకుని రమ్మని కూడా అంది. ఆమె లెక్క ఆమెది. "మా అల్లుడు రానన్న పండగకెల్లా వచ్చినాడు, తిననన్న కూరల్లా తిన్నాడు. ఆపనన్నాడంటే ఆపుతాడనే," అని తేల్చేసింది.

బండి గిద్దలూరులో బాగానే కదిలింది. అయితే పరీక్ష గట్టిగా ఉండాలని లక్ష్మీనరసయ్య గారు రోజూ ఉండే పెట్టెలకు తోడు మార్కాపురం పలకల పెట్టెలు ఇంకో ఆరు తగిలించాడు. పలక అంటే పిల్లల చంకలో తేలిక గాని, ఆరు పెట్టెల పలకలంటే కొండనే కట్టి లాగడం. ఎక్కుడు మొదలయ్యే చోట చక్రాలు జర్రున జారాయి. ఏబేలు చెమటలు కక్కుతూ బొగ్గు వేశాడు. స్టీము ముల్లు దిగింది, దిగింది, ఇంకా దిగింది. సుందరరాజు పిలిచిన దేవుడిని మళ్లీ పిలుస్తూ ఉండగానే బండి ఉస్సూరుమని ఆగిపోయింది. మూడేళ్లు అబద్ధం రాసిన మనిషికి ఆ రోజు నిజంగానే స్టీము చాలలేదు.

ఆగింది ఎక్కడో కాదు. కుడి పక్కన, బిందెలు పట్టుకున్న ఆడవాళ్ల వరసకు సరిగ్గా ఎదురుగా.

"చూసినారా, ఆపనన్నాడు," అంది ఎలీషబా.

"అత్తా, నేను ఆపలేదు, అదే ఆగింది. పెట్టెలో పెద్ద ఇంజనీరు ఉండాడు. ఈ పొద్దుకు పొండి, మీకు దండం పెడతా."

"ఆగిన బండే గదా నాయనా. నువ్వు ఆపితే తప్పు గాని, దాని పాటికది ఆగితే నీదేం తప్పుండాది? ఏబేలూ, తిప్పరా."

ఏబేలు బావ ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు. ఇంజను మీద పెద్ద బావే గాని, ఇంట్లో పెద్ద అమ్మ. కుళాయి తిప్పాడు.

అంతలో కొలతల పెట్టె తలుపు ఎడమ పక్క తెరుచుకుని లక్ష్మీనరసయ్య గారు కిందికి దిగాడు. సుందరరాజు ఒక్క గెంతులో ఎడమ పక్కకు దూకి ఆయనకు అడ్డం నిలబడ్డాడు.

"ఎందుకాగింది?" అన్నాడు ఇంజనీరు.

"నిప్పు సర్దుకుంటాంది సార్. ఎక్కుడు ముందర కాసేపు నిలబెడితే నిప్పు కుదురుకుంటాది."

"అటువైపు ఆ సందడేమిటి?"

"కిరస్తానపు పల్లె సార్. వానకోసరం ప్రార్థన చేసుకుంటా ఉండారు."

లక్ష్మీనరసయ్య గారు చెవి ఒగ్గాడు. కుడి పక్క నుంచి ఎలీషబా గొంతు ఖంగుమంది. "బిందె పక్కకు తియ్యవే, నా బిందె నిండలా."

"ప్రార్థనలో బిందెలెందుకయ్యా?"

"వాన వస్తే పట్టుకోవాల గదా సార్. మావాళ్లకు నమ్మకం జాస్తి."

ఆ నమ్మకానికి ఇంజనీరు గారి కళ్లు చెమ్మగిల్లాయి. ఎవరి మతమైనా గౌరవించే మనిషి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, ప్రార్థన అయ్యేదాకా అట్లాగే నిలబడ్డాడు. పదిహేను నిమిషాల్లో బిందెలు నిండాయి, నిజంగానే స్టీము కూడా నిండింది. బండి కదిలి, మెల్లగా మూలుగుతూ కొండెక్కింది.

దిగువమెట్టలో లక్ష్మీనరసయ్య గారు టెండరు ఎక్కి, మిగిలిన బొగ్గు తూకం వేయించి, మిగిలిన నీళ్లలో గజంబద్ద ముంచి చూసి, పెట్టెలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. సుందరరాజు ప్లాట్‌ఫారం మీద కూలబడి, బూడిద గుంటలో తన మిగిలిన జీవితాన్ని చూసుకుంటున్నాడు. పార ఎంత పొడుగుంటుందో కూడా కనిపించింది.

తలుపు తెరుచుకుంది. లక్ష్మీనరసయ్య గారి కోటు మీద సిరా మరకలు, కళ్లలో దీపాలు.

"సుందరరాజూ, పౌండు బొగ్గుకు ఎన్ని పౌండ్ల నీళ్లు ఆవిరి చేశావో తెలుసా?"

"తప్పైపోయింది సార్."

"తప్పేమిటయ్యా? ఏ ఇంజనైనా ఏడు చేస్తుంది. సీమలో ఒకాయన తొమ్మిది చేసి పతకం కొట్టాడు. నువ్వు పదకొండు చేశావు. మూడుసార్లు లెక్క వేశాను. పదకొండు!" ఆయన సుందరరాజు మసి చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఆ నిప్పు సర్దుకోవడంలోనే ఉంది రహస్యమంతా. ఎవరూ కనిపెట్టలేదు. వచ్చే బుధవారం మదరాసు నుంచి పెద్ద దొరను రప్పిస్తాను. ఇదే బండి, ఇదే బరువు, అదే చోట ఆపాలి. ఇప్పుడే తంతి కొడుతున్నాను."

సుందరరాజు సంతోషపడాలో భయపడాలో తెలియక రెండూ పడ్డాడు. ఇంటికి వచ్చి జరిగింది చెప్తే, కందిపప్పు ఏరుతున్న కరుణమ్మ తల ఎత్తకుండానే సంగతి తేల్చేసింది.

"నీళ్లు పోయింది మా అమ్మ బిందెల్లోకి. ఆయన అవి ఆవిరైపోయినాయి అనుకున్నాడు. అంతేగదా?"

ఏబేలు నోరు తెరిచాడు. సుందరరాజు గోడకు ఆనుకున్నాడు. ఇద్దరు రైల్వే మనుషులకు తట్టని సంగతి అది.

"పోయి నిజం చెప్పయ్యా," అంది కరుణమ్మ. "మంచాయన మాదిరుండాడు."

"ఏమని చెప్పేది? మూడేండ్లు అబద్ధం రాసినానని చెప్పాల. కంపెనీ నీళ్లు పంచినానని చెప్పాల. బూడిద గుంట గాదు, జైలే."

"మరి బుధవారం నీళ్లు ఇయ్యకపోతే?"

"లెక్క ఏడుకు పడతాది. పెద్ద దొర ముందర ఆయన పరువూ పోతాది, నా ఇంజనూ పోతాది." వేళ్లు మడిచి లెక్క వేసుకుని అన్నాడు, "పోయినసారి ఎన్ని బిందెలు పోయినాయో అన్నే పోవాల. ఒకటి ఎక్కువా వద్దు, ఒకటి తక్కువా వద్దు."

ఆదివారం ప్రార్థన కాగానే సుందరరాజు తానే ఎర్రకోనపల్లెకు నడిచాడు. పిలవని పేరంటానికి మూడేళ్లుగా వస్తున్న అత్తగారిని మొదటిసారి పిలవడానికి పోయాడు.

"అత్తా, పోయిన బుధవారం ఎన్ని బిందెలు పట్టినారు?"

"నూటయాభై."

"ఈ బుధవారం మదరాసు దొర వస్తాడు, మళ్లా రండి. కచ్చితంగా నూటయాభై."

ఎలీషబా అల్లుడి ముఖం ఎగాదిగా చూసింది. "రావొద్దని చెప్పి పంపించింది నువ్వే, రమ్మని పిలిచేదీ నువ్వేనా?"

"నేనే అత్తా. పిలుస్తా ఉండాను."

ఆ ఒక్క మాటతో అంతా చెడింది. ఊరికే వచ్చి పట్టుకుపోవడం వేరు, పిలుపు అందుకోవడం వేరు. ఎర్రకోనపల్లెలో పిలుపు వస్తే ఒక్కరే పోవడం అనేది లేదు. చుట్టాలకు చెప్పకుండా పోతే రేపు వాళ్ల ఇంట్లో చావుకైనా పెళ్లికైనా ముఖం ఎట్లా చూపిస్తారు? ఎలీషబా సోమవారం కొండ కింద పల్లెలో ఉన్న చెల్లెలికి కబురు పెట్టింది. చెల్లెలు తన వియ్యపురాలికి పెట్టింది. వియ్యపురాలు పక్కింటి గొర్రెల కాపరి భార్య మస్తానమ్మకు చెప్పింది. తోటి మందల కాపర్లకు చెప్పకుండా మస్తానమ్మ ఉంటుందా? "మా అల్లుడు పిలిచినాడు, మదరాసు దొర కూడా వస్తాడంట," అని ఎలీషబా చెప్పిన ప్రతి చోటా బిందెలు తోమడం మొదలైంది.

బుధవారం వచ్చింది. పెద్ద దొర కొలతల పెట్టెలో కుర్చీ వేసుకుని, కలాలు గీసే గీతల మీద కళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలు బిగించే ఉన్నాయి. బండి ఎర్రకోనపల్లె వంపు తిరిగింది, సుందరరాజు బయటికి తల పెట్టి చూశాడు. చూసి తల లోపలికి తీసుకున్నాడు.

"ఏబేలూ, నా కండ్లకు ఏమన్నా అయిందేమో, నువ్వు చూడు."

ఏబేలు చూశాడు. "కండ్లకు ఏం కాలా బావా. ఊర్లు ఊర్లే వచ్చినాయి."

పట్టాల పక్కన ఫర్లాంగు పొడుగునా ఆడవాళ్లు. ఇత్తడి బిందెలు, మట్టి కుండలు, కాగులు, పెళ్లిలో వండే గంగాళం ఒకటి. వెనక మూడు మందల గొర్రెలు, వాటి కోసం తొట్లు. ఆపకుండా పోతే లెక్క ఏడుకు పడుతుంది, ఆపితే ఏమవుతుందో ఊహకు అందదు. కుడితిలో పడ్డ ఎలుక కన్నా అతని పరిస్థితి కనాకష్టంగా ఉంది. ఆపాడు.

"అత్తా, నూటయాభై అన్నా గదా."

"మా పల్లెవి నూటయాభైయే నాయనా. తక్కినవి పిలుపువి."

కుళాయి తిరిగింది. ఒకటి చాలక ఏబేలు టెండరు మీదెక్కి పై నుంచి బక్కెట్లతో తోడి పోయసాగాడు. సుందరరాజు మనసులో బిందెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండు వందల దగ్గర మానేశాడు. సరిగ్గా అప్పుడే నిప్పు సర్దుకోవడం కళ్లారా చూడాలని లక్ష్మీనరసయ్య గారు పెట్టె దిగి, ఈసారి కుడి పక్కకు వచ్చాడు.

ఎలీషబా ఆయనను చూసింది. కోటు వేసుకుని ఊరికే నిలబడ్డ మనిషి కనిపిస్తే ఆమె ప్రాణం ఊరుకోదు.

"చూస్తా నిలబడితే ఎట్ల నాయనా? పట్టు," అని నిండు బిందె చేతుల్లో పెట్టింది.

లక్ష్మీనరసయ్య గారు పట్టుకుని పక్కామెకు అందించాడు. రెండోది అందించాడు. మూడోది అందించబోతూ ఆగిపోయాడు. బిందెలోకి చూశాడు, కుళాయి వైపు చూశాడు, టెండరు వైపు చూశాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. లెక్క వేస్తున్నాడని సుందరరాజుకు అర్థమైంది.

"సుందరరాజూ," అన్నాడు చాలా మెల్లగా. "పోయిన వారం కూడా ఇట్లాగేనా?"

"లేదు సార్. పోయిన వారం నూటయాభైయే."

ఆయన బిందెతో సహా పట్టా మీద కూర్చుండిపోయాడు. "సీమకు రాశానయ్యా," అన్నాడు. "వ్యాసం రాసి పంపాను. బొగ్గులో ఉన్న వేడంతా ఒక్క పిసరు పోకుండా నీళ్లకే అందినా పదిహేను దాటడం ఈ సృష్టిలో జరగదు. ఇవాళ నాకు పదిహేడు వచ్చేటట్లుంది. లోపల పెద్ద దొర ఉన్నాడు."

సుందరరాజుకు ఆయన మీద నిజంగా జాలి వేసింది. తన పాపానికి తాను పోతే సరే, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఈయన కూడా ఎందుకు పోవాలి? "సార్, తప్పంతా నాదే. దొరకు చెప్పేస్తా. నన్ను దించెయ్యనీ," అన్నాడు.

దానికి బదులు పై నుంచి వచ్చింది. "బావా," అన్నాడు ఏబేలు, "టెండరులో అడుగు కనపడతాంది."

ఇంజనీరు దిగ్గున లేచాడు. నిప్పు భగభగ మండుతోంది, దాని మీది బాయిలరుకు నీళ్లు అందకపోతే ఇంజను పేలిపోతుంది. నిప్పు కిందికి లాగేస్తే బండి కదలదు. ముందు స్టేషనుకు కొండ ఎక్కాలి, వెనక స్టేషనుకు పెద్ద దొరను కూర్చోబెట్టి వెనక్కి తోసుకుపోవాలి. సుందరరాజు కుళాయి కట్టేసి అత్తగారి ముందుకు పోయాడు.

"అత్తా, నూరు బిందెలు వెనక్కి పొయ్యాల."

వరసంతా అతని వైపు తిరిగింది. గొర్రెలు కూడా తల ఎత్తాయి.

"ఇచ్చిన నీళ్లు వెనక్కి అడిగే అల్లుణ్ణి నేను యాడా చూళ్లేదు," అంది ఎలీషబా.

"నా ఇంజను పోతాది అత్తా."

ఈ మాట అతను నవ్వుతూ చెప్పినా, కోపంగా చెప్పినా ఆమె ఇంకో నాలుగు అనేదే. అతను ఏడుపు ముఖంతో చెప్పాడు. ఎలీషబా కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమెకు అల్లుడంటే ప్రాణమే. కాని మూడేళ్లుగా నీళ్లు పట్టుకుంటున్న మనిషి, ఆ నీళ్ల సంగతి తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం రాదని కూడా ఆమెకు తెలుసు. లక్ష్మీనరసయ్య గారి వైపు తిరిగింది.

"నాయనా, ఏ బండి యాడ ఆగాలో రాసేది నువ్వేనా?"

"నేను రాస్తే పెద్ద దొర సంతకం పెడతారమ్మా."

"అయితే రాయి. ఈ పొద్దు మా అల్లుడు ఉండాడు, రేపు ఉంటాడో లేదో. ఎవురు నడిపినా సరే, పొయ్యే ప్రతి గూడ్సు బండీ ఈడ పదైదు నిమిషాలు ఆగాల. రాస్తే నీళ్లు పోస్తాం."

"అది నా చేతుల్లో..."

"ఏబేలూ, నిప్పు ఎట్లుండాది?"

"బాగా ఉండాదిమా."

లక్ష్మీనరసయ్య గారు జేబులోంచి గీతల కాగితం ముక్క తీసి, వెనక పక్క పెన్సిలుతో రాశాడు. ఎలీషబా దాన్ని కొడుకు చేత రెండుసార్లు చదివించుకుని, రవికలో దాచుకుని, చెయ్యి ఎత్తింది. బిందెలు కదిలాయి. చేయి మారి చేయి మారి నీళ్లు పైకి పోతుంటే, మస్తానమ్మ తన వంతు బిందె ఎత్తి ఇస్తూ, "మా గొర్రెలు తాగినవి మాత్రం రావమ్మా," అని ముందే చెప్పేసింది.

లోపల ఉక్కకు తాళలేక పెద్ద దొర అప్పుడే కిటికీ తెరిచాడు. ఎండిపోయిన నేల మీద, చెప్పులు లేని ఆడవాళ్లు, నెత్తి మీది బిందెలు దించి కంపెనీ ఇంజనుకు నీళ్లు పోస్తున్నారు. ఆయన చాలాసేపు చూశాడు. తరవాత టోపీ తీశాడు. నలభై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నానని, ఇటువంటి దానం చూడలేదని, ఇది ఎవరి ఏర్పాటని ఇంగ్లీషులో అడిగాడు. లక్ష్మీనరసయ్య గారు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి, "ఇది సుందరరాజు పద్ధతి సార్," అన్న మాట వచ్చింది. అది కూడా ఒక రకంగా నిజమే.

దిగువమెట్టలో లెక్క తేలింది. వెనక్కి పోసిన నూరు బిందెల పుణ్యమా అని పదిహేడుకు పోవలసింది పద్నాలుగు దగ్గర ఆగింది. పదిహేడు వచ్చి ఉంటే దొర ముక్కు ముడిచేవాడు. పద్నాలుగు సృష్టికి లోబడే ఉంది కనుక ముచ్చటపడ్డాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఆ దారిన పోయే ప్రతి గూడ్సు బండీ ఎర్రకోనపల్లె దగ్గర పదిహేను నిమిషాలు ఆగాలి. కారణం, సుందరరాజు పద్ధతిలో నిప్పు సర్దుకోవడం. దాంతోపాటు ఇంజన్లకు నీళ్లు పోస్తున్న గ్రామస్థులకు కృతజ్ఞతలు తెలుపుతూ పల్లెకు ఒక ఉత్తరం కూడా వచ్చింది. రోజుకు నాలుగు గూడ్సులు, నాలుగింటికీ బిందెలు. చెలమకు నడిచే దారిలో గడ్డి మొలిచింది.

సుందరరాజును షెడ్డు ఆఫీసుకు పిలిచారు. పోతూ పోతూ కరుణమ్మతో, "ఇంక బయం లేదే, ఇంజను నాదే," అన్నాడు. లోపల కాగితం ఇచ్చి చదవమన్నారు. ఇంతటి పనిమంతుణ్ణి ఒక్క ఇంజను మీద కూర్చోబెట్టడం కంపెనీకి నష్టమని, ఈ రోజు నుంచి ఇంజను దింపి, పన్నెండు రూపాయల పెంపుతో, బెజవాడలో కొత్త ఫైర్‌మన్లకు ఈ పద్ధతి నేర్పే మేస్త్రీగా వేస్తున్నామని అందులో ఉంది. సుందరరాజు రెండుసార్లు చదివాడు. దొరగారికి దండం పెట్టి, బయటికి వచ్చి, తిన్నగా తన ఇంజను దగ్గరికి పోయి, దాని వెచ్చటి పక్క మీద చెయ్యి ఆనించి, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాడు.

"ఇప్పుడన్నా నిజం చెప్పు బావా," అన్నాడు ఏబేలు.

"చెప్తే బూడిద గుంట. చెప్పకపోతే బెజవాడ. యాడికి పోయినా ఇంజను దిగాల్సిందే గదరా."

బెజవాడలో సుందరరాజు రెండేళ్లపాటు ఒళ్లు దాచుకోకుండా ఆ పద్ధతి నేర్పించాడు. పక్కనే కృష్ణ నిండుగా పారుతున్న ఆ ఊళ్లో ఆగిన ఇంజను దగ్గరికి బిందె పట్టుకుని వచ్చే మనిషి ఒక్కరూ లేక లెక్క ఏనాడూ ఏడు దాటలేదు. బెజవాడ గాలిలో తేమ ఎక్కువ కావడమే దీనికి కారణమని లక్ష్మీనరసయ్య గారు రిపోర్టు రాశాడు.